పక్కింటావిడను మా పాప ‘ఆంటీ’ అంది, తప్పయిందా?

హంట్స్‌విల్ కోడలు | శనివారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. ఒక చిన్న సంగతి వారం రోజులుగా మనసులో తిరుగుతోంది. ఇక్కడ చాలాకాలంగా ఉంటున్నవాళ్ళు చెబుతారని రాస్తున్నాను.

మేము అలబామాలోని హంట్స్‌విల్‌కు వచ్చి ఏడు నెలలయింది. ఇంతకు ముందు న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉండేవాళ్ళం. అక్కడ మా వీధిలో ఇంగ్లీషు కన్నా గుజరాతీ, తెలుగే ఎక్కువ వినిపించేవి కాబట్టి ఇలాంటి సందేహం రానే లేదు.

ఇక్కడ మా కుడి పక్కింట్లో నల్లజాతి పెద్దావిడ ఒకరు ఒంటరిగా ఉంటారు. బడిలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశారు. వయసు 78. ఎడమ పక్కన తెల్లజాతి దంపతులు, వాళ్ళకూ ఇంచుమించు అంతే వయసు. మేము దిగిన రోజునే ఆ తెల్లాయన వచ్చి చెయ్యి కలిపి, “మిస్టర్ అంటే మా నాన్నను పిలిచినట్టు ఉంటుంది, నన్ను పేరు పెట్టి పిలవండి” అన్నారు. పెద్దావిడ మాత్రం మిసెస్ అని చేర్చి ఇంటిపేరు ఒక్కటే చెప్పారు. నేను ఆవిడ మనవరాలి వయసుదాన్ని, అయినా నన్నూ మిసెస్ అనే పిలుస్తారు.

పోయిన ఆదివారం మా పాప (ఆరేళ్ళు) గిన్నెలో అరిసెలు పట్టుకెళ్ళి “ఆంటీ, మా అమ్మ చేసింది” అని ఇచ్చింది. ఆవిడ నవ్వుతూనే వంగి, “నేను ఎవరికీ ఆంటీని కాదమ్మా, మిసెస్ ఫలానా అను” అన్నారు. అరిసెలు తీసుకున్నారు. మర్నాడు అదే గిన్నెలో నిమ్మకాయ కేకు ముక్కలు పెట్టి తిరిగి పంపారు. కాబట్టి కోపం కాదు. కానీ నా ముఖం చిన్నబోయింది.

ఇదంతా ఉత్తరాల పెట్టె దగ్గర నిలబడి చూసిన తెల్లాయన తర్వాత నాతో అన్నారు: “ఆవిడ అంతే. ఇరవై రెండేళ్ళుగా ఇరుగుపొరుగున ఉన్నాం. మా గడ్డి కోసే యంత్రం ఆవిడకు ఇస్తాం, మేము ఊరెళితే మా కుక్కకు ఆవిడే తిండి పెడతారు. ఇప్పటికీ నన్ను మిస్టర్ అంటారు, తనను పేరుతో పిలవనివ్వరు. మేమేం తప్పు చేశామో తెలియదు.” ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

ఇద్దరూ మంచివాళ్ళే. మధ్యలో ఏముందో నాకు అంతుపట్టలేదు.

గోంగూర పచ్చడి | శనివారం, ఉదయం 9:41

పాపను ఏమీ అనకండి. కేకు వచ్చిందంటే స్నేహం ఉన్నట్టే. దక్షిణాది రాష్ట్రాల్లో ‘మేడమ్’కు పొట్టిగా ‘మామ్’ అంటారు కదా, అది చేర్చమనండి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది.

అరిసెలకు పాకం ఎలా కుదిరింది? నాకు ఇక్కడి బెల్లంతో ప్రతిసారీ విరిగిపోతున్నాయి.

అట్లాంటా బాబాయి | శనివారం, ఉదయం 10:25

నాకైతే ఆవిడది కాస్త అతిగా అనిపిస్తోంది. ఆరేళ్ళ పిల్ల ప్రేమగా ‘ఆంటీ’ అంటే సరిదిద్దాలా? మనదాంట్లో అది గౌరవమని వివరిస్తే సరిపోతుంది.

మా ఆఫీసులో ఇరవై ఆరేళ్ళ తెల్ల కుర్రవాడు నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. నాకు యాభై నాలుగు. నేనేమీ కుంగిపోలేదు. పైగా ఒకసారి బ్యాంకులో మిస్టర్ అని మా ఇంటిపేరుతో పిలిస్తే, ఏడు తరాల వాళ్ళను కలిపి పిలిచినట్టనిపించి, ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఈ దేశంలో ఎవరిని ఎలా పిలిచినా ఒకటే.

పాత మాంట్‌గోమరీ | శనివారం, మధ్యాహ్నం 12:50

బాబాయి గారూ, మీ ఆఫీసు కుర్రవాడిని మీరు కూడా పేరు పెట్టే పిలుస్తారు కదా. తేడా అంతా అక్కడే ఉంది.

నేను అలబామాలో ఇరవై ఏడేళ్ళుగా ఉన్నాను. 1865లో బానిసత్వం చట్టం నుంచి పోయింది కానీ, ఆ తర్వాత వందేళ్ళ పాటు దక్షిణాదిలో ఎవరూ రాయని మర్యాదల పద్ధతి ఒకటి నడిచింది. తెల్లవాళ్ళు నల్లవాళ్ళను మిస్టర్ అనకూడదు, మిసెస్ అనకూడదు, మిస్ అనకూడదు. మగవాడికి ఎంత వయసు వచ్చినా ‘బాయ్’, లేదంటే ఉత్త పేరు. తల నెరిశాక కాస్త మంచిగా పలకరించాలనిపిస్తే ‘అంకుల్’, ‘ఆంటీ’. అంటే మన ఇళ్ళలో గౌరవానికి వాడే మాటనే అక్కడ గౌరవం ఎగ్గొట్టడానికి వాడారు. మిసెస్ అనకుండా తప్పించుకునే దారి అది.

నల్లవాళ్ళు మాత్రం ఎదుటి తెల్ల మనిషి తమకన్నా ఎంత చిన్నవాడైనా మిస్టర్ చేర్చే పిలవాలి. చదువుకున్న నల్లవాడు ఎదురైతే తెల్లవాళ్ళకు ఇరకాటం. మిస్టర్ అనలేరు, బాయ్ అనడానికి నోరు రాదు. అప్పుడు డాక్టర్ అనో, రెవరెండ్ అనో, ప్రొఫెసర్ అనో పిలిచి గండం గట్టెక్కేవారు. పుల్‌మన్ రైలు పెట్టెల్లో పక్కలు పరిచే నల్లజాతి పోర్టర్లందరూ ప్రయాణికుల నోట ‘జార్జ్’లే. ఆ కంపెనీ యజమాని జార్జ్ పుల్‌మన్ కదా, అందుకని. మనిషి ఎవరిదో చెబితే చాలు, ఎవరో చెప్పనక్కర్లేదు.

పాన్‌కేకు పిండి డబ్బా మీద ‘ఆంట్ జెమైమా’, బియ్యం డబ్బా మీద ‘అంకుల్ బెన్’ గుర్తున్నాయా? 2020లో ఆ రెండు కంపెనీలూ పేర్లు మార్చుకుంటామని ప్రకటించాయి. ‘ఆంటీ అంటే తప్పేమిటి, వీళ్ళకు పనిలేదు’ అని మన వాట్సాప్ గ్రూపుల్లో నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

1963 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో, ఇంకా ఎందుకు ఆగలేమో చెబుతూ అవమానాల చిట్టా ఒకటి రాశారు. కొట్టి చంపడాలు, పోలీసుల దాడులు అన్నీ ఉన్న ఆ చిట్టాలోనే ఇది కూడా ఉంది: మీ భార్యకూ మీ తల్లికీ మిసెస్ అనే గౌరవం ఎన్నడూ దక్కదు అని. ప్రాణాలు పోయే సంగతుల పక్కన పిలుపును పెట్టారంటే అది ఎంత లోతుగా గుచ్చుకుందో చూడండి.

ఆ జూన్‌లోనే మీకు దగ్గరలో ఉన్న గాడ్స్‌డెన్ కోర్టులో ఒకటి జరిగింది. మేరీ హామిల్టన్ అని, పౌరహక్కుల ఉద్యమంలో పనిచేస్తున్న యువతి. సాక్షిగా నిలబడితే పేరు అడిగారు. “మిస్ మేరీ హామిల్టన్” అని చెప్పింది. ప్రభుత్వ న్యాయవాది వెంటనే “మేరీ” అంటూ తర్వాతి ప్రశ్న వేశాడు. “నా పేరు మిస్ హామిల్టన్. సరిగ్గా సంబోధించండి” అంది. అతను మళ్ళీ “నిన్ను ఎవరు అరెస్టు చేశారు, మేరీ?” అన్నాడు. సరిగ్గా పిలిచేదాకా జవాబు చెప్పనంది. జవాబు చెప్పమని జడ్జి ఆదేశించినా చెప్పలేదు. కోర్టు ధిక్కారం కింద అయిదు రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1964 మార్చిలో కోర్టు వాదనలు కూడా వినకుండానే ఆమె పక్షాన తీర్పు ఇచ్చి ఆ శిక్షను కొట్టేసింది.

మీ పక్కింటావిడకు అప్పుడు పదహారేళ్ళు ఉండి ఉంటాయి.

హంట్స్‌విల్ కోడలు | శనివారం, మధ్యాహ్నం 1:15

గాడ్స్‌డెన్ మీదుగా రెండుసార్లు వెళ్ళాం, నోకలూలా జలపాతం చూడటానికి. ఈ సంగతి తెలియనే తెలియదు. ఇంకా ఏమీ రాయలేకపోతున్నాను.

అట్లాంటా బాబాయి | శనివారం, మధ్యాహ్నం 2:02

సరే, చరిత్ర తెలిసింది, బాధాకరం. కానీ అరవై ఏళ్ళ కిందటి మాట. ఇప్పటి తెల్లాయన ఏం చేశాడు పాపం? గడ్డి యంత్రం ఇస్తున్నాడు, పేరు పెట్టి పిలవమంటున్నాడు. ఎప్పటికీ ఆ పాత లెక్క ఆయన దగ్గరే వసూలు చేస్తారా? పిలుపులో ఏముందని?

వాది ప్రతివాది | శనివారం, మధ్యాహ్నం 3:30

‘పిలుపులో ఏముంది’ అన్నది 2006లో కూడా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. విచిత్రం ఏమిటంటే అదీ గాడ్స్‌డెన్ నుంచే. ఒక కోళ్ళ కర్మాగారంలో ఇద్దరు నల్లజాతి ఉద్యోగులకు పదోన్నతి ఇవ్వకుండా ఇద్దరు తెల్లవాళ్ళకు ఇచ్చారు. నిర్ణయం తీసుకున్న మేనేజరు తమను ‘బాయ్’ అని పిలిచేవాడని వాళ్ళు కోర్టుకెక్కారు. ఉత్త ‘బాయ్’ వివక్షకు రుజువు కాదని, ముందు ‘నల్ల’ అని చేరిస్తేనే లెక్కలోకి వస్తుందని కింది అప్పీలు కోర్టు అంది. సుప్రీంకోర్టు అది తప్పంది. సందర్భం, స్వరం, ఉచ్చారణలోని ఒత్తు, ఆ ప్రాంతపు వాడుక, ఆ మాటకున్న చరిత్ర, వీటిని బట్టి ఒట్టి మాట కూడా రుజువు కావచ్చంది.

తెలుగువాడికి ఈ తీర్పు అర్థం కావడానికి లాయరు అక్కర్లేదు. ‘ఏరా’ అని నా స్నేహితుడు ఫోనులో అంటే నాకు ఆ రోజంతా సంతోషం. అదే ‘ఏరా’ ఊళ్ళో ఎవరు ఎవరిని అన్నారో చెప్పండి, మిగతా కథ నేను చెబుతాను.

పెదలంక | శనివారం, సాయంత్రం 6:48

పై మాట చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మామూలుగా చదివి వెళ్ళిపోయేవాణ్ణి.

మాది కృష్ణా డెల్టాలో ఒక లంక గ్రామం. మాలపల్లె. మా తాత డెబ్బై ఏళ్ళ మనిషి, తలపాగా, తెల్ల మీసం. కామందు గారి మనవడు నాతోపాటు ఆరో తరగతి చదివేవాడు. వాడు గట్టు మీద సైకిలు ఆపి మా తాతను పేరు పెట్టి ‘ఒరేయ్, మోటారు ఆపు’ అనేవాడు. మా తాత ‘అట్టాగే బాబుగారూ’ అనేవాడు. బడిలో నేనూ వాడూ ఒకే బెంచీ. బడిలో వాణ్ణి నేను ‘ఒరేయ్’ అనేవాణ్ణి. గట్టు మీద మా తాత పక్కన నిలబడి ఉంటే నోరు పెగిలేది కాదు.

వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, అది చెప్పాలి. మా అక్క పెళ్ళికి బియ్యం పంపారు. బస్తా తెచ్చిన మనిషి కూడా మా తాతను ‘ఒరేయ్’ అనే పిలిచి దింపాడు.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక నల్లజాతి ప్రొఫెసరు దగ్గర పనిచేశాను. తెల్ల విద్యార్థులు వేరే ప్రొఫెసర్లను డాక్టర్ అని, ఆయనను మాత్రం చనువుగా పేరుతో పిలిచేవాళ్ళు. ఆయన ప్రతిసారీ నెమ్మదిగా ‘డాక్టర్’ అని సరిదిద్దేవారు. విసుగు లేకుండా, ఒకే స్వరంతో, నాలుగేళ్ళు. ‘ఆయనకు గర్వం ఎక్కువ’ అని మన తెలుగు కుర్రాళ్ళు అనేవారు. నాకు మా తాత మీసం గుర్తొచ్చేది.

సవానా తెలుగమ్మాయి | శనివారం, రాత్రి 8:20

పెదలంక గారూ, రాసినందుకు కృతజ్ఞతలు.

బాబాయి గారు అడిగిన ‘ఇప్పటి తెల్లాయన ఏం చేశాడు’ అన్నదానికి నా దగ్గర కొంత ఉంది, ఎందుకంటే నేను జార్జియా తెల్లవాళ్ళింటి కోడలిని. మా అత్తగారు చాలా మంచి మనిషి. నాకు కాన్పు అయితే నెల రోజులు మిరియాల చారు కాచిపెట్టారు, యూట్యూబులో చూసి.

ఆవిడ చిన్నప్పుడు వాళ్ళింట్లో ఒక నల్లజాతి స్త్రీ వంట చేసేది. ముప్ఫై ఏళ్ళు చేసింది. ‘ఆమె మా ఇంట్లో మనిషి’ అని అత్తగారు ఎప్పుడూ చెబుతారు. మూడేళ్ళ కిందట ఆమె తొంభై దాటి పోయింది. అంత్యక్రియలకు అత్తగారితో నేనూ వెళ్ళాను. చర్చి నిండా జనం. గుమ్మం దగ్గర ఫొటోలు, జీవిత విశేషాలు అచ్చువేసిన చిన్న పుస్తకం పంచారు. అత్తగారు మొదటి పేజీ చూసి ఆగిపోయారు. అందులో మిసెస్ అని, పక్కన పూర్తి పేరు, ఇంటిపేరు. ఆ ఇంటిపేరు ఆవిడ జీవితంలో మొదటిసారి చదువుతున్నారు. ఆమెకు అయిదుగురు పిల్లలని, చర్చిలో నలభై ఏళ్ళు బృందగానం నడిపిందని, అందరూ ఆమెను ‘మదర్’ అని చేర్చి పిలిచేవారని కూడా అక్కడే తెలిసింది.

కారులో వస్తూ అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఆమెకు మా అందరి మధ్యపేర్లు కూడా తెలుసు” అన్నారు. అంతే.

నేనేమీ అనలేదు. విజయవాడలో మా ఇంట్లో పద్దెనిమిదేళ్ళు పనిచేసిన మనిషి ఇంటిపేరు నాకూ తెలియదు.

మెంఫిస్ ఫిజియో | ఆదివారం, ఉదయం 7:35

నా పని మోకాళ్ళు, నడుములు. మా క్లినిక్‌లో రోగులందరినీ పేరు పెట్టి పిలవాలని నియమం ఉండేది, ఇంటివాళ్ళలా అనిపించాలని. తెల్లజాతి వృద్ధులు హాయిగా ఉండేవారు. నల్లజాతి వృద్ధుల్లో కొందరు పైకి ఏమీ అనరు కానీ కండరం బిగుసుకునేది. నా చేతి కింద తెలిసిపోయేది! రెండేళ్ళ తర్వాత ఒకాయన చెప్పారు: “నేను 1968 సమ్మెలో చెత్తబండి దిగి నడిచినవాణ్ణి బాబూ.”

ఆ సంవత్సరం ఫిబ్రవరి 1న ఇక్కడ ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చెత్తబండి యంత్రంలో నలిగి చనిపోయారు. ఆ తర్వాత దాదాపు 1,300 మంది పని మానేశారు. వాళ్ళు మెడలో వేసుకున్న అట్టల మీద జీతం సంగతి లేదు. ‘అయామ్ ఎ మ్యాన్’ అని ఉంది, అంతే. మనం దాన్ని ‘నేను మనిషిని’ అని అనువదించుకుని ఊరుకుంటాం. కానీ అది ‘బాయ్’కి జవాబు కూడా. నేను పెద్దవాణ్ణి, పిల్లవాణ్ణి కాదు అని. ఆ సమ్మెకు అండగా వచ్చినప్పుడే ఏప్రిల్ 4న కింగ్‌ను కాల్చి చంపారు.

అప్పటి నుంచి నేను అందరినీ మిస్టర్, మిసెస్ అంటున్నాను. పేరుతో పిలవమని వాళ్ళే అంటే అప్పుడు మారుస్తాను. కండరాలు వదులయ్యాయి.

టస్కలూసా విద్యార్థి | ఆదివారం, ఉదయం 10:12

చిన్న సందేహం, కొంచెం పక్కదారి. ఇక్కడ క్యాంపస్‌లో నల్లజాతి అబ్బాయిలు ముక్కూముఖం తెలియని ఇంకో నల్లజాతి అబ్బాయి ఎదురైతే గడ్డం కొంచెం పైకెత్తి పలకరిస్తారు. నాకు కూడా ఇద్దరు ముగ్గురు అలా చేశారు. (నేను బాగా చామనచాయ.) తిరిగి చెయ్యాలా? తెల్లవాళ్ళయితే పెదవులు బిగించి చిన్న నవ్వు నవ్వుతారు, దానికి ఏం చెయ్యాలో అదీ తెలియదు.

పాత మాంట్‌గోమరీ | ఆదివారం, ఉదయం 10:40

తప్పకుండా చెయ్యండి. ‘నువ్వు ఇక్కడ ఉన్నావు, నేను చూశాను’ అని దాని అర్థం. తెల్లవాళ్ళే ఎక్కువగా ఉన్న చోట దానికి విలువ ఎక్కువ. పెదవుల నవ్వుకు పెదవుల నవ్వే.

ఇంకో మాట. అక్కడ మిమ్మల్ని ఎవరు ఎవరనుకుంటున్నారో మీ చేతిలో ఉండదు. 2015 ఫిబ్రవరిలో హంట్స్‌విల్ పక్కనే ఉన్న మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ళ పెద్దాయన ఉదయం నడకకు బయలుదేరారు. బక్కపలచని నల్లవాడెవడో ఇళ్ళ దగ్గర తిరుగుతున్నాడని ఒకరు పోలీసులకు ఫోను చేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. పోలీసు నేలకేసి కొట్టాడు, మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిని కాళ్ళూచేతులూ సరిగ్గా ఆడకుండా పోయాయి. ‘ఆయన నల్లవాడు కాదు, ఇండియన్’ అని అప్పుడు మనవాళ్ళు చాలామంది గట్టిగా అన్నారు. నల్లవాడైతే సరే అన్నట్టు.

నల్లరేగడి | ఆదివారం, మధ్యాహ్నం 12:05

మీరందరూ ఇంగ్లీషులో పిలుపుల గురించి మాట్లాడుతున్నారు. మన తెలుగు సంగతి చూద్దామా?

మా నాన్నగారు ఆరు నెలలు మా దగ్గర ఉండి వెళ్ళారు. మా వీధిలో చెత్తడబ్బాలు బయట పెట్టే రోజున ఇద్దరు పెద్దవాళ్ళు పలకరించేవారు. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళే, ఇద్దరూ సైన్యంలో చేసినవాళ్ళే. సాయంత్రం నాన్నగారు నాతో చెప్పేవారు: “పొద్దున ఆ తెల్లాయన కనిపించారు, మోకాలు బాగాలేదట.” ఇంకో రోజు: “ఆ నల్లవాడు కనిపించాడు, వాడి కూతురు వస్తోందట.”

ఒకరు ఆయన, ఒకరు వాడు. నాన్నగారికి ఇద్దరి మీదా ఏ ద్వేషమూ లేదు, నేను ప్రమాణం చెయ్యగలను. తేడా ఉన్నట్టే ఆయనకు తెలియదు. నేను చెబితే “నేనలా అన్నానా?” అని నిజంగా ఆశ్చర్యపోయారు. ఇంగ్లీషుకు ‘హీ’ ఒక్కటే, దాచుకోవడానికి వీలుంది. మనకు వాడు, అతను, ఆయన, ఆవిడ, ఆమె, అది. నోరు తెరిస్తే మెట్టు బయటపడుతుంది. ఈ వేదికలోనే పాత చర్చలు వెతికి చూడండి, ఎవరికి ఏ సర్వనామం వచ్చిందో.

అట్లాంటా బాబాయి | ఆదివారం, మధ్యాహ్నం 12:31

వెతికాను. నా పాత పోస్టులు. అయిదారేళ్ళ కిందట అపార్టుమెంటు కాపలాదారు గురించి, పక్కింటి డాక్టరు గురించి ఒకే పేరాలో రాశాను. ఏది ఎవరో చెప్పనక్కర్లేదు. దిద్దుదామంటే ఇప్పుడు మార్చే వీలు లేదు.

కొత్తగా వచ్చాను | ఆదివారం, మధ్యాహ్నం 12:50

[ఈ వ్యాఖ్య తొలగించబడింది]

వేదిక నిర్వాహకులు | ఆదివారం, మధ్యాహ్నం 1:04

పై వ్యాఖ్యలో ఒక జాతిని కించపరిచే మాట ఉంది కాబట్టి తీసేశాము. ‘తెలుగులో అలాగే అంటారు’ అన్న వివరణ అంగీకరించము. చర్చ కొనసాగించవచ్చు.

గోంగూర పచ్చడి | ఆదివారం, మధ్యాహ్నం 2:15

ఒకటి అడుగుతాను, తిట్టకండి. మా ఆఫీసులో నల్లజాతి స్నేహితురాలు తన పిల్లలకు నన్ను ‘ఆంటీ’ అనే పరిచయం చేసింది. వాళ్ళ కుటుంబాల్లో కూడా ఆ మాట ప్రేమగానే వాడతారు. మరి అది తప్పు కానిది ఇది ఎలా తప్పయింది?

వాది ప్రతివాది | ఆదివారం, మధ్యాహ్నం 2:40

ఆమె ఇచ్చింది, మీరు తీసుకున్నారు. ఇక్కడ పాప అడగకుండా తీసుకుంది, ఆవిడ తిరిగి తన మాట తను ఇచ్చారు. అంతే తేడా. పాపకు ఏ పాపమూ అంటలేదు, నిశ్చింతగా ఉండండి.

హంట్స్‌విల్ కోడలు | మంగళవారం, రాత్రి 9:30

నిన్న సాయంత్రం ధైర్యం చేసి ఆవిడ వరండాలో కూర్చున్నాను. మా దేశంలో ‘ఆంటీ’ అంటే ఏమిటో చెప్పి, పాప తరఫున నొచ్చుకున్నానన్నాను. ఆవిడ “నాకు తెలుసు, మా బడిలో ఇండియా పిల్లలు చదివారు. పాప మీద కోపం లేదు, ఆ మాట నా చెవిన పడితే మాత్రం మా అమ్మ కనిపిస్తుంది” అన్నారు.

వాళ్ళమ్మ ఒక తెల్లవాళ్ళింట్లో బట్టలు ఇస్త్రీ చేసేదట. ఆ ఇంటి పిల్లలు మొదట పేరుతో, జుట్టు తెల్లబడ్డాక ‘ఆంటీ’ అని పిలిచేవారట. ఈవిడకు బడిలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, మర్చిపోయిన భోజనం డబ్బా ఇవ్వడానికి వాళ్ళమ్మ తరగతి గుమ్మం దాకా వచ్చింది. అప్పటికి రెండు జాతుల పిల్లలూ కలిసి చదువుతున్నారు. తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు కలిసి “గుడ్ మార్నింగ్, మిసెస్ ఫలానా” అని ఒక్క గొంతుతో అంటున్నారు. వాళ్ళమ్మ లోపలికి రాలేదు. డబ్బా గుమ్మం దగ్గర పెట్టి, ఆ మాట ఇంకోసారి విని వెళ్ళిపోయిందట. “ఆ రోజు నుంచి ఆ పేరు నాది ఒక్కదానిదే కాదు” అన్నారు.

ఎడమ పక్కింటాయన గురించి కూడా అడిగాను. ఇరవై రెండేళ్ళయింది కదా, ఇంకా మిస్టర్ ఎందుకు అని. ఆవిడ పకపకా నవ్వారు. “ఇంటికి మనిషి వస్తే మంచి పింగాణీ పళ్ళెం తీస్తాం కదా. మిస్టర్ అనడం నాకు అలాంటిది. ఆయన కాగితం పళ్ళెం చాలంటారు. నా చేతికి అది రాదు.”

ఈ మాట ఆయనకు ఎప్పుడైనా చెప్పారా అన్నాను.

“ఆయన ఎప్పుడూ అడగలేదు. మీకు చెప్పుకున్నారా?” అన్నారు.

నేను ఏం చెప్పాలో తెలియక కుక్క సంగతి ఎత్తాను.

సవానా తెలుగమ్మాయి | మంగళవారం, రాత్రి 9:52

మీరు ఆయనకు చెబుతారా?

హంట్స్‌విల్ కోడలు | మంగళవారం, రాత్రి 10:05

చెప్పను. అడగమని చెబుతాను.

ఇంకో సహాయం కావాలి. ఆదివారం వాళ్ళ చర్చిలో ఆరాధన తర్వాత భోజనానికి మమ్మల్ని రమ్మన్నారు. మా అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు, శుద్ధ శాకాహారం. అక్కడ ఆవిడ తినగలిగేవి ఏముంటాయి?

పాత మాంట్‌గోమరీ | మంగళవారం, రాత్రి 10:20

కాలర్డ్ ఆకుకూర చూసి మోసపోకండి, సాధారణంగా పొగబెట్టిన పంది మాంసమో టర్కీ ముక్కో వేసి ఉడికిస్తారు. చిక్కుళ్ళు, అలసందలు కూడా అంతే, అడిగి తీసుకోండి. మొక్కజొన్న రొట్టెలో గుడ్డు ఉంటుంది. చిలగడదుంపతో చేసే ‘పై’ అనే తీపి వంటకంలోనూ ఉంటుంది. ముందే చెబితే ఎవరో ఒకరు విడిగా వండుతారు. నాకు అలాగే చేశారు, చెప్పకపోతేనే నొచ్చుకున్నారు.

హంట్స్‌విల్ కోడలు | మంగళవారం, రాత్రి 10:31

అత్తయ్యగారు పులిహోర కలిపి పెద్ద గిన్నెతో తీసుకెళదామంటున్నారు. మిసెస్ గారిని (అత్తయ్యగారు పెట్టిన పేరు) రేపు అడుగుతాను, ఎంతమంది ఉంటారో.

అట్లాంటా బాబాయి | మంగళవారం, రాత్రి 10:44

వేరుశనగపప్పు వేస్తే గిన్నె మీద రాసి పెట్టండి. ఇక్కడ చాలామందికి పడదు. దాని బదులు జీడిపప్పు వేస్తే అదీ రాయండి.